బురదమట్టిలోని విద్యుత్తంతువులు



గడచిన సర్వసభ్య సమావేశమున మన సభ్యులలో నొకరు లేచి యొక ప్రశ్న వేసిరి. "మాగాణి బురదలోని సూక్ష్మజీవులు విద్యుత్తును పుట్టించుననియు, దానితో బావి మోటారు నడపవచ్చుననియు నొక వర్తకుడు చెప్పుచున్నాడు. ఎకరమునకింత యని ముందుగా సొమ్ము కట్టినచో పరికరములు తెచ్చి యమర్చునట. దీనికై సంఘపు నిధి నుండి అప్పు దొరకునా?" అని వారడిగిరి. పాలకవర్గమువారు వెంటనే జవాబు చెప్పక, విషయమును విచారించి పత్రికలో వ్రాయుమని నన్ను కోరిరి.

ఆ వర్తకుని మాట పూర్తిగా అబద్ధమైనచో ఒక్క వాక్యముతో త్రోసివేయవచ్చును. కాని అందు సగము నిజము కలదు. బురదలో విద్యుత్తును పంపు సూక్ష్మజీవులున్న మాట నిజము. వానికి వెంట్రుకకంటె వేల రెట్లు సన్నని తీగలున్న మాటయు నిజము. ఆ తీగలు మోటారును నడపునన్నది మాత్రము నిజము కాదు. ఏది ఎంతవఱకు నిజమో, కొలతలతో తెలిసికొన్నచో మన సొమ్మును మనము కాపాడుకొనగలము; అంతేకాక, మన పొలములో నిత్యము జరుగుచున్న యొక వింతను గ్రహింపగలము.

1. ఊపిరికిని విద్యుత్తునకును గల సంబంధము

మనము తిన్న అన్నము దేహములో మెల్లగా దహింపబడి బలమునిచ్చుచున్నది. ఆ దహనమునందు అన్నము నుండి ఎలక్ట్రానులను అతిసూక్ష్మమైన విద్యుత్కణములు వెలువడును. వానిని పుచ్చుకొనువాడొకడు వలయును. మనకు ఆ పని చేయునది ఊపిరితో పీల్చుకొన్న ప్రాణవాయువు. ఊపిరి ఆగినచో ఎలక్ట్రానులకు దారి మూసికొనిపోవును, ప్రాణము నిలువదు.

ఇప్పుడు దమ్ము చేసి నీరు నిలిపిన పొలమును తలచుకొనుడు. నీటి మాటున నున్న మట్టిలోనికి గాలి చొరదు. అందున్న కొలది ప్రాణవాయువు ఒకటి రెండు దినములలో ఖర్చగును. అయినను ఆ మట్టిలో కోట్లకొలది సూక్ష్మజీవులు చావక, కుళ్ళిన గడ్డిని, పచ్చిరొట్టను, వేళ్ళు స్రవించు రసములను తినుచు బ్రతుకుచున్నవి. అవి తమ ఎలక్ట్రానులను ఎవరికిచ్చుచున్నవి? కొన్ని నత్రజని లవణములకు, కొన్ని గంధక లవణములకు నిచ్చును. మఱికొన్ని మట్టిలోని ఇనుప త్రుప్పునకిచ్చును. ఎఱ్ఱని త్రుప్పు ఎలక్ట్రానులను గ్రహించి నీటిలో కరగు ఇనుముగా మారును. అందుచేతనే నీరు నిలిచిన ఎఱ్ఱమట్టి లోపల బూడిదవన్నె దాల్చును. త్రుప్పును పట్టుకొనియున్న భాస్వరములో కొంత అప్పుడు విడివడి పైరున కందును. మాగాణి వరికి భాస్వరము సులువుగా అందుటకు గల కారణములలో ఇది యొకటి.

2. తీగ యేల కావలసివచ్చెను?

ఇక్కడ నొక చిక్కు కలదు. ప్రాణవాయువు నీటిలో కరగి జీవకణము లోపలికి వచ్చును. త్రుప్పు రాయి వంటిది, లోపలికి రాదు. అది సూక్ష్మజీవి దేహమునకు వెలుపల, ఒక్కొక్కప్పుడు దవ్వున, నుండును. కావున ఎలక్ట్రానులనే వెలుపలికి చేర్చవలెను.

1987వ సంవత్సరమున అమెరికాలో డెరెక్ లవ్లీయు, ఆయన సహచరులును పోటోమాక్ నది అడుగు బురద నుండి త్రుప్పుతో ఊపిరి తీయు నొక బాక్టీరియాను వేఱుచేసిరి. అది జియోబాక్టర్ అను జాతికి చెందినది. ఆ జాతిలోనిదే మఱియొక బాక్టీరియాపై మసాచుసెట్సు విశ్వవిద్యాలయమున జరిగిన పరిశోధనను 2005లో ప్రకటించిరి. ఈ జీవులకు సన్నని నూలుపోగుల వంటి తంతువులుండుటయు, మిక్కిలి సన్నని లోహపుమొనను వానికి తాకించి పరీక్షించగా అవి విద్యుత్తును ప్రసరింపజేయుటయు అందు తెలియవచ్చెను. తంతువులు పెరుగకుండ చేసిన బాక్టీరియా త్రుప్పుపై బ్రతుకజాలకపోయెను. ఆ తంతువులకు "నానో తీగలు" అను పేరు వచ్చెను.

నానోమీటరనగా మిల్లీమీటరులో పది లక్షలవ వంతు. ఒక తీగ లావు ఇంచుమించు నాలుగు నానోమీటరులు. ఇరువది వేల తీగలను ప్రక్క ప్రక్కన పేర్చినచో మన తలవెంట్రుక యొక్కదాని వెడల్పునకు వచ్చును. పొడవు మాత్రము ఆ జీవి దేహముకంటె అనేక రెట్లుండును.

3. తీగ దేనితో చేయబడినది?

మన యింటి తీగలో రాగి యున్నది. ఈ తీగలో రాగి లేదు, ఇది మాంసకృత్తు. మాంసకృత్తులు విద్యుత్తును ప్రసరింపనీయవని శాస్త్రజ్ఞులు చిరకాలము తలచియుండిరి. కావుననే ఈ వార్త వారికాశ్చర్యమైనది.

విద్యుత్తు దానిగుండ ఎట్లు పోవుచున్నదను విషయమై వాదము జరిగినది, ఇప్పటికిని ముగియలేదు. 2019లో యేల్ విశ్వవిద్యాలయపు నిఖిల్ మల్వంకరును, వర్జీనియా విశ్వవిద్యాలయపు ఎడ్వర్డ్ ఎగెల్మానును తమ సహచరులతో కలిసి ఆ తంతువును మిక్కిలి శీతలస్థితియందుంచి ఎలక్ట్రాను సూక్ష్మదర్శినితో పరిశీలించిరి. వారు చూచిన తంతువు గొలుసువలె కూర్చబడిన సైటోక్రోము అను మాంసకృత్తు. దాని యొక్కొక్క కడియమునందు ఇనుము గల ఆరు హీము బిళ్ళలున్నవి. హీము మనకు క్రొత్తది కాదు. మన నెత్తురునకు ఎఱుపు నిచ్చు పదార్థమునందున్నది అదియే. బిళ్ళలు ఒకదానికొకటి మిక్కిలి చేరువగా నుండుటచే, నిప్పు ఆర్పువారు బొక్కెనలను చేతినుండి చేతికందించినట్లు, ఎలక్ట్రానులు ఒక బిళ్ళ నుండి మఱియొక దానికి పోవుచుండును. లవ్లీ పక్షమువారు మాత్రము, పైలై అనబడు వేఱొక రకపు తంతువులును విద్యుత్తును మోయునని వాదించుచున్నారు. తంతువు జాతిని గూర్చియే వాదము. బాక్టీరియా ఎలక్ట్రానులను వెలుపలికి పంపుననుటయందు వాదము లేదు.

4. అంగుళమునకు చేరువైన తీగ

ఇంతకంటె వింతయైనది డెన్మార్కు దేశమున బయల్పడెను. 2010లో ఆర్హుస్ విశ్వవిద్యాలయపు లార్స్ పీటర్ నీల్సెను మొదలగువారు సముద్రపు బురదను పాత్రలలో నుంచి పరీక్షించుచుండిరి. పైనున్న నీటిలో ప్రాణవాయువును తగ్గించినచో, 12 మిల్లీమీటర్ల లోతున నున్న గంధకపు విషవాయువునందు గంటలోపలనే మార్పు కనబడుచుండెను. కరగిన పదార్థము అంత త్వరగా అంత లోతునకు దిగజాలదు. పైకిని క్రిందికిని విద్యుత్తు ప్రవహించుచుండవలెనని వారూహించిరి.

2012లో దాని రహస్యము తెలిసెను. వేలకొలది కణములు వరుసగా కూడి యొక్క దారమైన బాక్టీరియా ఆ బురదలో నున్నది. దాని పొడవు సెంటీమీటరును మించియుండును. దారము క్రిందికొన గంధకపు విషవాయువును తినును. పైకొన ప్రాణవాయువును పీల్చును. నడుమ దేహమంతయు విద్యుత్తీగయే. సన్నని లోహపు తీగతో బురదను అడ్డముగా కోయగానే ఆ వ్యాపారమంతయు ఆగిపోయెను. దీనికి "కేబుల్ బాక్టీరియా" యని పేరిడిరి. 2019లో బెల్జియము, నెదర్లాండు దేశములవారు దీని వాహకతను కొలిచి, జీవపదార్థమునకిది మిక్కిలి హెచ్చు అని ప్రకటించిరి. ఐనను అదే కొలతలో రాగి వేలకొలది రెట్లు మేలైన వాహకము. ఈ నిష్పత్తిని మఱవకుడు.

5. ఎకరమునకెంత విద్యుత్తు?

సూక్ష్మజీవుల నుండి విద్యుత్తును తీయుట క్రొత్త కాదు. 1911లోనే ఇంగ్లాండునందలి డర్హాము విశ్వవిద్యాలయపు పోటరు అను వృక్షశాస్త్రాచార్యుడు కిణ్వము నుండి కొలది విద్యుత్తును రాబట్టెను. మన హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థయందును, ఎస్. వెంకటమోహనుగారి నాయకత్వమున, మురుగునీటి నుండి సూక్ష్మజీవులచే విద్యుత్తును రాబట్టు ప్రయోగములు జరిగినవి.

వరిపొలమును గూర్చిన లెక్క మనకు ముఖ్యము. జపానులో చేసిన యొక ప్రయోగము 2008లో ప్రకటింపబడెను. గ్రాఫైటు బొగ్గుతో చేసిన మెత్తని పలకనొకదానిని వరివేళ్ళ నడుమను, మఱియొకదానిని పైనున్న నీటియందును ఉంచి తీగతో కలిపిరి. విద్యుత్తు వచ్చెను. పగలు హెచ్చి రాత్రి తగ్గెను. పైరునకు నీడ పట్టినచో తగ్గిపోయెను. ఎండలో ఆకు చేసిన ఆహారములో కొంత వేళ్ళనుండి స్రవించుటయు, దానిని సూక్ష్మజీవులు తినుటయు దీనికి కారణము.

వచ్చిన విద్యుత్తు చదరపు మీటరునకు గరిష్ఠముగా 6 మిల్లీవాట్లు. ఎకరమునకు సుమారు 4,047 చదరపు మీటర్లు. రెంటిని గుణించినచో ఎకరమునకు 24 వాట్లు. అనగా ఎకరము పొలమంతయు గ్రాఫైటు పలకలు పఱచి, గరిష్ఠఫలము పొందినను, రెండు మూడు చిన్న ఎల్.ఇ.డి. దీపములు వెలుగును. ఐదు గుఱ్ఱపుశక్తుల మోటారునకు సుమారు 3,730 వాట్లు కావలెను. కావున ఒక్క మోటారు నడపుటకు నూటయేబది యెకరములకు పైగా పలకలు పఱువవలెను. ఆ పలకల వెలయు, దమ్ముచేయు వేళ వానిని తీసి మరల అమర్చు కూలియు మీరే లెక్కించుకొనుడు.

ఇంకొక హెచ్చరిక. వర్తకుడు బురదలో నొక రాగి పలకను, ఒక జింకు పలకను గ్రుచ్చి దీపము వెలిగించి చూపవచ్చును. దానిని చూచి మోసపోవలదు. రెండు వేఱువేఱు లోహములను తడిమట్టిలో నుంచినచో సూక్ష్మజీవులు లేకున్నను విద్యుత్తు పుట్టును. అక్కడ ఖర్చగునది జింకు. అది కరగిపోగానే దీపమారును. నిమ్మకాయతో బడిపిల్లలు చేయు ప్రయోగమును ఇదియే.

6. మఱి ఈ తీగలు దేనికి పనికివచ్చును?

బలము కావలసినచోట ఇవి పనికిరావు. సూక్ష్మమైన వార్త తెలియవలసినచోట పనికివచ్చును. ఈ విద్యను జీవవిద్యుత్పరికర శాస్త్రమనవచ్చును. మసాచుసెట్సున లవ్లీయు, జున్ యావో అను ఇంజనీరును చేయించిన పనులు కొన్ని 2020లో వెలువడినవి.

ఈ తీగలను పలుచని పొరగా పఱచి అమోనియా వాయువును పసిగట్టు పరికరమును చేసిరి. కుళ్ళిన పదార్థముల నుండియు, మూత్రపిండములు చెడినవారి ఊపిరియందును అమోనియా వెలువడును గాన, ఇట్టి పరికరము వైద్యులకును ఇతరులకును అక్కఱకు రాదగినది. ఇంకొకటి, జ్ఞాపకము నిలుపు విద్యుద్భాగము. సాధారణముగా ఇట్టివి ఒక వోల్టు పరిమాణమున పనిచేయగా, ఈ తీగల సాయముతో చేసినది 40 మొదలు 100 మిల్లీవోల్టులలోనే పనిచేసెను. మన మెదడులోని నరములు పనిచేయునదియు ఆ పరిమాణముననే.

మూడవది, గాలిలోని తేమ నుండి విద్యుత్తు. ఏడు మైక్రోమీటర్ల మందము గల తీగల పొర సుమారు అర వోల్టును నిలుకడగా నిచ్చెను. పత్రికలలో పెద్ద పేరు వచ్చిన వార్త ఇదియే. అదే బృందమువారు 2023లో మఱియొక సంగతి తెలిపిరి: తగినంత సన్నని రంధ్రములు గల వేఱు పదార్థములతోను ఆ ఫలము వచ్చును, నానో తీగలే కావలెనను నియమము లేదు. తాము ముందు చెప్పినదానిని తామే సవరించి ప్రకటించిన వారి పద్ధతిని మెచ్చుకొనవలెను.

మాంసకృత్తు తీగలకు గల మేలేమనగా, వానిని చేయుటకు కొలుములును విషద్రవ్యములును అక్కఱలేదు. బాక్టీరియాకు మేత పెట్టి పెంచినచో చాలును. పని తీరిన పిమ్మట అవి మట్టిలో కలిసిపోవును. ఐనను ఇవన్నియు పరిశోధనశాలలో పుట్టిన పనులు. మన గ్రామపు అంగడికి వచ్చిన సరకుగా వీనిని ఎవరైన చెప్పినచో నమ్మవలదు.

7. వరిపైరునకు సంబంధించిన వార్త

రైతునకు వీనియన్నిటికంటె ముఖ్యమైన వార్త యొకటి కలదు. నీరు నిలిచిన వరిమట్టిలో, ఇతర మార్గములన్నియు ముగిసిన పిమ్మట, కొన్ని సూక్ష్మజీవులు మీథేను వాయువును పుట్టించును. ఇది భూగోళపు వేడిమిని హెచ్చించు వాయువులలో నొకటి. 2020లో జర్మనీ, డెన్మార్కు దేశముల శాస్త్రజ్ఞులు వరి నాటిన కుండలలో కేబుల్ బాక్టీరియాను ఒక్కసారి చేర్చి చూచిరి. చేర్చని కుండలతో పోల్చగా మీథేను నూటికి 93 వంతులు తగ్గెను. కేబుల్ బాక్టీరియా గంధకపు విషవాయువును మరల గంధక లవణముగా మార్చుటచే, ఆ లవణముతో ఊపిరి తీయు జీవులు బలపడి, మీథేనును చేయు జీవుల మేతను లాగుకొనినవి.

ఈ ఫలము కుండలలో వచ్చినది. పొలములో దుక్కి, దమ్ము, నీటి హెచ్చుతగ్గులు, ఎరువులు, పలువిధములైన మట్టులు కలవు. కుండలోని లెక్కను ఎకరమునకు గుణించి సీసాలలో మందు అమ్మువారు రేపు రావచ్చును. వారినిప్పుడే ఎఱిగియుండుట మంచిది.

నేడు మన చేతిలో నున్న సాధనము ఆరుతడి. కన్నములు వేసిన గొట్టము నొకదానిని పొలములో పాతి, అందలి నీరు నేలమట్టమునకు 15 సెంటీమీటర్లు దిగినపుడు మరల పెట్టుట, పూతదశలో మాత్రము నీరు నిలుపుట, ఈ పద్ధతి. దీనిచే నూటికి ముప్పది వంతుల వఱకు నీరు మిగులునని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థవారు చెప్పుచున్నారు. మట్టిలోనికి గాలి చొచ్చుటచే మీథేనును తగ్గును. కేబుల్ బాక్టీరియా తన దేహముతో లోతునకు చేర్చు మేలును, మనము నీటిని తీసి కొంతవఱకు చేర్చుచున్నామన్నమాట.

8. ఇంట చేసి చూడదగిన పరీక్ష

ఒక గాజుసీసాలో నాలుగంగుళముల ఎఱ్ఱమట్టిని పోసి, చిన్నగా తరిగిన ఎండుగడ్డిని పిడికెడు కలిపి, రెండంగుళముల నీరు నిలుచునట్లు పోయుడు. నీడను ఉంచి, కదపక, రెండు మూడు వారములు చూడుడు. పైపొర గోధుమవన్నెగా నిలిచి, లోపలి మట్టి బూడిదవన్నెకు మారును. అది సూక్ష్మజీవులు త్రుప్పునకు ఎలక్ట్రానులనిచ్చిన గుర్తు. ఆ బూడిదవన్నె మట్టిని కొలదిగా తీసి ఆకుమీద పలుచగా పూసి గాలికుంచినచో మరల ఎఱుపెక్కును. ప్రాణవాయువు ఎలక్ట్రానులను తిరిగి లాగుకొన్నదన్నమాట. దీనికి పైసా ఖర్చు లేదు. మీ పిల్లలచేత చేయింపుడు.

9. ప్రశ్నకు జవాబు

మన సభ్యుని ప్రశ్నకు జవాబిది. ఇట్టి పరికరములకు సంఘపు నిధి నుండి అప్పిచ్చుట తగదు. సభ్యులు తమ సొంత సొమ్మునుండియు ముందు రొక్కము కట్టవలదు. ఎవరైన వచ్చి యడిగినచో మూడు ప్రశ్నలు వేయుడు. పలకలు ఏ పదార్థముతో చేసినవి? చదరపు మీటరునకు ఎన్ని వాట్లు, ఎన్ని దినములు వచ్చినవి? ఏ వ్యవసాయ విశ్వవిద్యాలయపు పొలములో, ఎవరు కొలిచిరి? ఈ మూడింటికి వ్రాతపూర్వకముగా జవాబిచ్చువాడు వచ్చినపుడు పాలకవర్గము కూర్చుండి విచారింపవచ్చును. జవాబు చెప్పక కోపగించువానిని మజ్జిగ యిచ్చి సాగనంపుడు.

ప్రశ్న వేసిన సభ్యుడు సిగ్గుపడవలసిన పని లేదు. ఆయన సొమ్ము కట్టక మునుపే పదిమందిలో లేచి అడిగెను. సంఘమున్నది అందులకే. బురదలోని జీవులు విద్యుత్తును పంపుచున్న మాట నిజమే. అవి తమ ఊపిరి కొఱకు పంపుచున్నవి గాని మన మోటారు కొఱకు కాదు. ఆ ఊపిరివలననే మన మట్టి రంగు మారుచున్నది, భాస్వరము కరగుచున్నది. ఈసారి దమ్ములో కాలుమోపినపుడు ఈ సంగతిని జ్ఞప్తికి తెచ్చుకొనుడు.